హిమాయత్‌సాగర్ ప్లాటు, విశ్వేశ్వరయ్య లెక్క

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మా బావమరిది పట్టుబట్టి నన్నొక వెంచర్ చూడటానికి తీసుకెళ్ళాడు. ఔటర్ రింగ్ రోడ్డు దిగి కాసేపు వెళ్ళగానే హిమాయత్‌సాగర్ నీళ్ళు కనిపించాయి. ఎండ తగ్గిన సాయంత్రం, చల్లగాలి, దూరంగా కొంగలు. హ్యూస్టన్‌లో ఇరవై ఏళ్ళు గడిపినవాడికి ఇంకేం కావాలి? రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుని అందరం పక్కపక్కనే ఉందామని వాడు ఊరించాడు. గజం రేటు ఏడాదిలో ఎంత పెరిగిందో, ఇంకెంత పెరుగుతుందో ఏజెంటు వేళ్ళ మీద లెక్క చెప్పాడు. మా ఆవిడకు నచ్చింది. అడ్వాన్స్ ఇవ్వడమే తరువాయి.

నేను ఏజెంటును ఒక్క ప్రశ్నే అడిగాను. జలాశయం పూర్తిగా నిండి, పైనుంచి ఇంకా వరద వస్తుంటే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయని. ఆయన నవ్వేసి, ఇక్కడిదాకా ఎప్పుడూ రాలేదని తేల్చేశాడు.

నాకు నవ్వు రాలేదు. 2017 ఆగస్టు చివర్లో హార్వీ తుపాను వచ్చినప్పుడు కేటీలోని మా ఇంట్లో మోకాలు దాటి నీళ్ళు నిలిచాయి. కుంభవృష్టి కురిసిన రాత్రి రాలేదు. వాన కాస్త తెరిపిచ్చి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాక మెల్లగా వచ్చాయి. ఎందుకో తర్వాత తెలిసింది. మా కాలనీ బార్కర్ రిజర్వాయరు కట్టకు ఎగువన, అంటే వరద నిలవాల్సిన వైపు ఉంది. 1929లోనూ 1935లోనూ హ్యూస్టన్ మునిగాక, ఊరికి పైన రెండు పెద్ద మట్టికట్టలు వేశారు. బార్కర్ 1945లో, ఆడిక్స్ 1948లో పూర్తయ్యాయి. మామూలు రోజుల్లో అక్కడ పెద్దగా నీళ్ళుండవు. గడ్డి, చెట్లు, సైకిల్ బాటలు కనిపిస్తాయి. ఖాళీగా ఉండటమే ఆ రిజర్వాయర్ల పని. డెబ్బై ఏళ్ళలో ఆ ఖాళీ అంచుల్లోకి ఇళ్ళు వచ్చేశాయి, వాటిలో మాదొకటి. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగ్ చూశాను, టాక్సు చూశాను, గుడి ఎంత దూరమో చూశాను. నీళ్ళు ఎటు పోతాయో చూడలేదు. తప్పెవరిదో ఇక్కడ తేల్చబోవడం లేదు. అందులో నా వాటా నాకుంది.

అందుకే ఆ రాత్రి బావమరిది ఇంట్లో నిద్రపట్టక, అసలు హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో చదవడం మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణంలో విమానంలోనూ చదివాను. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకే మనిషి దగ్గరికి చేరేవాణ్ణి. ఆయన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఈ దేశంలో మన తెలుగువాళ్ళలో ఎంతోమంది ఇంజినీర్లే. సెప్టెంబర్ 15న వాట్సప్‌లో ఆయన తలపాగా ఫోటో పంపుకుంటాం. ఆనకట్టలు కట్టిన మహానుభావుడంటాం. అంతకుమించి నాకూ తెలియదు, మొన్నటిదాకా.

మోక్షగుండం నుంచి ముద్దేనహళ్ళికి

ఆయన ఇంటిపేరులోనే మన ఊరుంది. మోక్షగుండం ప్రకాశం సీమలో కంభం, గిద్దలూరు వైపు ఉన్న పల్లె. ఆయన పూర్వీకులు ఎప్పుడో అక్కడినుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు, ఇంట్లో తెలుగు వదల్లేదు. ఒకరకంగా వాళ్ళూ మనలాంటి వలస కుటుంబమే.

బెంగళూరుకు ఉత్తరాన చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో ఆయన పుట్టారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. ఆస్తిపాస్తులు లేవు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో తల్లి వెంకటలక్ష్మమ్మ పిల్లల్ని పెంచింది. ఆయన బెంగళూరులో మేనమామ ఆదరణలో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పూర్తిచేశారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనాలో ఇంజినీరింగ్ చదివి, మొదటి శ్రేణిలో పాసై, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు.

పాతికేళ్ళ బొంబాయి ఉద్యోగంలో ఆయన చేసిన పనుల్లో ఎక్కువ భాగం ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. ఊరికి నీళ్ళు ఎలా తేవాలి, ఊరి నుంచి నీళ్ళు ఎలా పంపాలి. సింధు రాష్ట్రంలోని సుక్కూరులో నది పక్కనే ఉన్నా జనం తాగేది బురదనీళ్ళే. ఫిల్టర్ బెడ్లు కట్టే స్తోమత మున్సిపాలిటీకి లేదు. ఆయన నది అడుగు ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుకలోంచి ఇంకి వచ్చిన తేట నీటిని పంపులతో పైకి తోడించారు. నదినే ఫిల్టరుగా వాడుకున్నారన్నమాట.

పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో ఇంకో చిక్కు. వరద రాగానే చెరువు నిండి నీళ్ళు పొర్లిపోయేవి, వేసవికి చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచాలంటే ఖర్చు, పైగా ప్రమాదం. నీళ్ళు ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుని, వరద తగ్గగానే మూసుకునే తలుపులు ఆయన రూపొందించారు. 1903లో అవి అక్కడ బిగించారు. అదే కట్టలో ఎక్కువ నీళ్ళు నిలిచాయి, వరద వచ్చినప్పుడు కట్టకు ముప్పూ లేదు. దక్కన్ కాలువల కింద కొందరు రైతులు నీళ్ళు మొత్తం మళ్ళించుకుంటే దిగువవాళ్ళు ఎండిపోయేవాళ్ళు. అక్కడ వంతులవారీగా ఊళ్ళకు నీళ్ళు పంచే బ్లాకు పద్ధతి తెచ్చారు. రైతులు మొదట గొడవ చేశారు. తర్వాత అలవాటుపడ్డారు. 1906లో ప్రభుత్వం ఆయన్ని ఎడెన్ రేవుకు కూడా నీళ్ళు, మురుగు కాలువల పథకం చెప్పమని పంపింది.

ఇంత చేసినా బొంబాయిలో చీఫ్ ఇంజినీరు కుర్చీ భారతీయుడికి దక్కే రోజులు కావవి. ఇక పైకి దారి లేదని తెలిసి, పెన్షన్‌కు పూర్తి సర్వీసు కాకముందే 1908లో రాజీనామా చేసి, సొంత ఖర్చుతో విదేశాలు చూడటానికి బయల్దేరారు. ఊళ్ళు ఎలా నడుస్తున్నాయో, ఫ్యాక్టరీలు ఎలా పెట్టారో చూసి రాసుకోవడమే ఆ ప్రయాణం. ఆ పర్యటనలో ఉండగానే హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది.

1908 సెప్టెంబర్ 28

ఆ రోజు మూసీ ఊరి మీద పడింది. మూడు వంతెనలు దెబ్బతిన్నాయి, పురానాపూల్ మాత్రం నిలిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మందిదాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఇప్పటికీ ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నారు. మొత్తం పదిహేను వేలమంది చనిపోయి ఉంటారని అంచనా. అప్పటికి నగర జనాభా ఐదు లక్షలకు అటూ ఇటూ.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను మూడు పనులు అడిగింది. ఊరు మళ్ళీ కట్టడానికి సలహా కావాలి, ఇలాంటి వరద మళ్ళీ రాకుండా చూడాలి, మురుగు కాలువల వ్యవస్థ గీసివ్వాలి. ఆయన 1909 ఏప్రిల్‌లో పనిలో దిగి, అదే ఏడాది అక్టోబర్‌కల్లా నివేదిక ఇచ్చేశారు. ఆరు నెలల పని.

నన్ను ఆపేసింది ఆ నివేదిక మొదలుపెట్టిన చోటు. అందరూ మూసీ ఊరిలో ఎక్కడ పొంగిందో చూస్తుంటే, ఆయన ఊరు దాటి పైకి వెళ్ళారు. మూసీకి, దాని ఉపనది ఈసీకి నీళ్ళొచ్చే పరీవాహక ప్రాంతమంతా కొలిపించారు. ఆ ప్రాంతంలో దాదాపు ఎనిమిది వందల చెరువులున్నాయని, వాటిలో రెండు వందలకు పైగా తెగాయని లెక్క తేలింది. వాన ఒక్కటే ఊరిని ముంచలేదు. పైన ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడి, అది తెగి ఇంకోదాని మీద పడి, గొలుసులా తెగిన నీళ్ళన్నీ ఒకేసారి వచ్చాయి. గోడలు ఎత్తు పెంచితే ఆగే నీళ్ళు కావవి.

అందుకని ఆయన చెప్పిన మందు ఊరికి పైనే ఉంది. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలి. ఎంత వరద వచ్చినా దాన్ని అక్కడ కాసేపు నిలబెట్టి, ఊరిలో నది మోయగలిగినంతే వదలాలి. ఊరిలో నది గట్లు ఎత్తుచేసి, వాటి వెంట తోటలు, రోడ్లు వేయాలి. మురుగుకు వేరే కాలువలు వేసి, ఊరి దిగువకు తీసుకెళ్ళాలి. అంటే నది, మురుగు, రోడ్డు, తోట, ఆరోగ్యం వేర్వేరు ఫైళ్ళు కావు, ఒకే లెక్కలో వరసలు.

ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ జలాశయాలు లేచాయి. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టింది నిజాం ప్రభుత్వ ఇంజినీర్లు, వేలమంది కూలీలు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు విప్పడం, రోడ్లు వెడల్పు చేయడం మొదలుపెట్టింది. మురుగు కాలువల పనికి తర్వాత కూడా విశ్వేశ్వరయ్యను సలహాకు పిలిచారు.

ఇక్కడొక సూక్ష్మముంది. ఈ రెండు జలాశయాలకూ రెండు ఉద్యోగాలు. ఊరికి తాగునీరు ఇవ్వాలి, అందుకు నిండుగా ఉండాలి. వరదను పట్టుకోవాలి, అందుకు పైన ఖాళీ ఉండాలి. ఈ రెండింటి మధ్య తూకమే అసలు కిటుకు. తర్వాత మంజీరా వచ్చింది, కృష్ణ వచ్చింది, గోదావరి వచ్చింది. తాగునీటిలో గండిపేట వాటా తగ్గిపోయింది. దాంతో ఈ జలాశయాలతో ఇక పనేముందన్న మాట వినిపించసాగింది. మొదటి ఉద్యోగం తగ్గింది నిజమే. రెండోది తగ్గలేదు, పెరిగింది. పొలంలో పడ్డ వానలో కొంత ఇంకుతుంది. కాంక్రీటు మీద పడ్డ వాన పరుగెత్తుతుంది.

మైసూరులో లెక్క పెద్దదైంది

హైదరాబాద్ నివేదిక ఇచ్చిన వెంటనే, 1909 నవంబర్‌లో ఆయన మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగరం పని 1911లో మొదలైంది. మద్రాసుతో నీటి తగాదా ఉంది, సొంత ప్రభుత్వంలోనే ఖర్చు మీద అనుమానాలున్నాయి. అయినా ఆయన ఆ డ్యామును ఒక్క సాగుకే చూపించలేదు. శివనసముద్రం కరెంటు, కోలారు బంగారు గనులకు ఆ కరెంటు అమ్మితే వచ్చే ఆదాయం, మండ్య పొలాలకు నీళ్ళు, అన్నీ కలిపి లెక్క చూపించారు. డ్యాము తన ఖర్చు తానే తెచ్చుకుంటుందని పాలకుల్ని ఒప్పించారు.

1912లో మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆయన్ని దివానుగా నియమించారు. పదవి తీసుకునేముందు బంధువుల్ని భోజనానికి పిలిచి, సిఫార్సులకు తన దగ్గరికి రాకూడదని మాట తీసుకున్నారని చెప్పుకుంటారు.

ఆ ఆరేళ్ళలో మైసూరులో జరిగినవి చూస్తే, డ్యాముల మనిషిగా మాత్రమే ఆయన్ని గుర్తుపెట్టుకోవడం అన్యాయమనిపించింది. 1911లోనే ఆయన చొరవతో ఎకనామిక్ కాన్ఫరెన్స్ మొదలైంది. అధికారులు, వ్యాపారులు, రైతులు ఒకచోట కూర్చుని చదువు, వ్యవసాయం, పరిశ్రమ అనే మూడు కమిటీలుగా రాజ్యం ఆదాయం ఎలా పెంచాలో మాట్లాడేవారు. 1913లో మైసూరు బ్యాంకు వచ్చింది, ఊరి సొమ్ము ఊరి వ్యాపారానికి అప్పుగా దొరకాలని. అదే ఏడాది ఎంపిక చేసిన ప్రాంతాల్లో పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, వాణిజ్య మండలి. యుద్ధం వల్ల గంధపు చెక్క ఎగుమతి ఆగిపోతే, చెక్క అమ్మడం మాని ఇక్కడే నూనె తీసే ఫ్యాక్టరీ పెట్టారు. ఆ నూనెతోనే సబ్బు వచ్చింది. మైసూర్ శాండల్ సబ్బు ఇప్పటికీ మన ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది. భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది కూడా ఆ కాలంలోదే. పదవి దిగాక, అది నష్టాల్లో ఉంటే 1923 నుంచి 1929 దాకా అధ్యక్షుడిగా ఉండి గాడిన పెట్టారు.

ఇవన్నీ పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. ముందు నీళ్ళు, కరెంటు. వాటి మీద చదువు, అప్పు. వాటి మీద పరిశ్రమ. పరిశ్రమ వల్ల ఇంటికి జీతం. బెంగళూరు ఐటీ నగరం ఎలా అయిందని మనం ఆశ్చర్యపోతాం. ఆ ఊరికి ఇంజినీర్లు, కాలేజీలు, కరెంటు వందేళ్ళ కిందటి నుంచే అమర్చి ఉన్నాయి.

ఆయన చూడనిది

ఇంత చెప్పి ఒకటి చెప్పకపోతే ఇది జీవితకథ కాదు, దండ వేయడమే అవుతుంది. మైసూరులో ఉద్యోగాలు దాదాపు అన్నీ బ్రాహ్మణుల చేతుల్లో ఉన్న రోజులవి. వెనకబడిన కులాలవారు తమ వాటా అడిగారు. మహారాజు ఆ వాదనలో న్యాయముందని, 1918లో జస్టిస్ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్యకు అది నచ్చలేదు. ఉద్యోగానికి అర్హత ఒక్కటే కొలత కావాలని, కులం చూస్తే పాలన చెడుతుందని ఆయన నమ్మకం. ఆ ఏడాది చివర్లోనే దివాను పదవి వదిలేశారు.

ఎనిమిది వందల చెరువుల్ని విడివిడిగా లెక్కపెట్టిన మనిషి, ఆ అర్హత సంపాదించే అవకాశం ఎవరికి దొరికిందో, ఎవరికి దొరకలేదో లెక్కపెట్టలేకపోయారని నాకనిపిస్తుంది. నది విషయంలో ఎగువకు వెళ్ళి చూశారు, మనుషుల విషయంలో వెళ్ళలేదు. ఇది ఆయన్ని తక్కువ చేయడానికి అనడం లేదు. ఇప్పుడు మూసీ ఒడ్డును అందంగా చేద్దామని ప్రణాళికలు గీస్తున్నప్పుడు, ఆ ఒడ్డున రేకుల ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోవాలన్నది కూడా లెక్కలో మొదటి వరసలో ఉండాలి. ఆయన పద్ధతిని ఆయన ఆగినచోట నుంచి ముందుకు తీసుకెళ్ళడమంటే అదే.

ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఆయన పదవి లేకుండానే పనిచేశారు. 1920లో, 1934లో పుస్తకాలు రాశారు. రెండోదానిలో దేశానికి పదేళ్ళ ఆర్థిక ప్రణాళిక ప్రతిపాదించారు, ప్రణాళికా సంఘం పుట్టడానికి చాలా ఏళ్ళ ముందే. 1937లో ఒరిస్సా వరదల మీద నివేదిక ఇచ్చారు. 1941లో దేశీయ ఉత్పత్తిదారుల సంఘాన్ని స్థాపించారు. 1955లో భారతరత్న వచ్చింది. 1960లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ విడుదలైతే, దాన్ని చూడటానికి ఆయనే ఉన్నారు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ముద్దేనహళ్ళిలో సమాధి ఉంది.

ఇప్పటి హైదరాబాద్‌కు ఆయన లెక్క

మళ్ళీ ప్లాటు దగ్గరికొస్తాను. 1996లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 111 తెచ్చి, రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. 2000లో సుప్రీంకోర్టు కూడా ఈ జలాశయాల రక్షణ వైపే నిలిచింది. 2022లో ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు సడలించింది. ఆ గ్రామాల రైతుల బాధా నిజమే. పక్కూళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ భూమికి విలువ లేకుండా పాతికేళ్ళు ఊరికోసం త్యాగం చేయమంటే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? 2020 అక్టోబర్‌లో కాలనీలు మునిగి జనం మిద్దెలెక్కారు. 2025 సెప్టెంబర్‌లో గేట్లెత్తాక మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. అదీ నిజమే.

ఆయన జీవితం చదివాక నాకు తోచిన నాలుగు మాటలు చెప్తాను. నేను పాలసీ పండితుణ్ణి కాను. ఇల్లు మునిగినవాణ్ణి.

మొదటిది. ఊరిని వార్డుల పటంతో కాకుండా నీళ్ళ పటంతో ప్లాన్ చేయాలి. వాన ఎక్కడ పడుతుంది, ఏ నాలాలో దిగుతుంది, ఏ చెరువులో ఆగుతుంది, ఎక్కడ మూసీలో కలుస్తుంది. అది గీశాకే రోడ్డు, లేఅవుటు. వికారాబాద్ కొండల నుంచి నగరం దిగువ దాకా ఒకే పటం, ఒకే బాధ్యత ఉండాలి.

రెండోది. ఖాళీకి కూడా జీతమివ్వాలి. ఎగువ రైతు తన పొలాన్ని పొలంగానే ఉంచితే దిగువ నగరం బతుకుతోంది. ఆ సేవకు ఊరు డబ్బు చెల్లించాలి. కోకాపేటలో భూముల వేలంతో వచ్చే సొమ్ములో కొంత శాతం ఏటా ఆ గ్రామాలకు వెళ్తే, ఆంక్ష శిక్షలా కాకుండా ఆదాయంలా కనిపిస్తుంది. నిషేధం ఒక్కదానితో భూమి నిలవదు, రైతుకు లాభముంటే నిలుస్తుంది. డ్యాము ఖర్చును కరెంటు ఆదాయంతో జతచేసి చూపించిన మనిషి దగ్గర నేర్చుకున్న పాఠం ఇది.

మూడోది. కాలువ ముందు, టవర్ తర్వాత. మురుగు కాలువ, వాన కాలువ మోయగలిగినన్ని అంతస్తులకే అనుమతివ్వాలి. నలభై అంతస్తులు కట్టాక పైపులు వెతకడం ఇల్లు కట్టి పునాది తవ్వడమే.

నాలుగోది మనకు, అంటే ఇక్కడున్నవాళ్ళకు. మనం ఇండియాకు పంపే సొమ్ములో ఎంత భూమిలో పడుతోందో, ఎంత పనిలో పడుతోందో ఎవరి మనసులో వాళ్ళు లెక్క వేసుకోవాలి. నా లెక్క చెప్తాను. పదిహేనేళ్ళలో నేను పెట్టిందంతా ప్లాట్లలోనే. ఒక్క రూపాయి కూడా ఒక వర్క్‌షాపులోనో, ఒక రైతు కంపెనీలోనో, ఒక కాలేజీ ల్యాబులోనో పెట్టలేదు. మైసూరు బ్యాంకు పుట్టింది సరిగ్గా దీనికి విరుగుడుగా. నిద్రపోతున్న సొమ్మును పనికి పంపడానికి. మన సంఘాల సంబరాల్లో రియల్ ఎస్టేట్ స్టాళ్ళు వరసగా ఉంటాయి. వాటి పక్కన చిన్న పరిశ్రమల స్టాలు ఒక్కటైనా ఉంటే బాగుంటుంది.

ప్లాటు నేను తీసుకోలేదు. ఆ మాట ఫోన్‌లో చెప్తే బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. నాకు హార్వీ భయం పట్టుకుందని, అమెరికా భయాన్ని హైదరాబాద్‌కు తెచ్చానని అన్నాడు. వాడు తన వంతు అడ్వాన్స్ ఇచ్చేశాడు. ఆదివారం ఫోన్లు కాస్త తగ్గాయి. వాడిది తప్పని నేను నిరూపించలేను. ఆ ప్లాటులోకి నీళ్ళు ఇంకో ముప్పై ఏళ్ళు రాకపోవచ్చు. మా కాలనీలోకి కూడా ఎన్నో ఏళ్ళు రాలేదు.

వాడికి ఒక పని మాత్రం చేసిపెట్టాను. హెచ్ఎండీఏ చెరువుల పటాలు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో, బఫర్ ఎంతదాకానో, పాత గ్రామ పటంలో ఆ సర్వే నంబరు పక్కన నాలా ఉందో, శిఖం భూమి ఉందో చూసే పద్ధతి రాసి పంపాను. రిజిస్ట్రేషన్‌కు ముందు ఎవరైనా ఒక ఇరిగేషన్ ఇంజినీరుకు చూపించమన్నాను. ఇంకా చూడలేదన్నాడు, చూస్తానన్నాడు. మీలో ఎవరైనా ఈ ఏడాది సెలవులకు వెళ్ళి గండిపేట వైపో, హిమాయత్‌సాగర్ వైపో ప్లాటు చూడబోతుంటే, ఏజెంటును ఆ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఆయన నవ్వులో కాకుండా పటంలో చూసుకోండి.